సగం కట్టిన విమానానికి కింద స్థలం ఉండదు

ప్రశ్న: నేవీలో విమానాల మెకానిక్‌గా 20 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. వయసు 51. మాది పలాస దగ్గర పల్లె. పెన్షన్ 31,000, ఇక్కడ గ్యారేజీలో జీతం 24,000. అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం, బాబు ఇంటర్. హాస్టల్‌తో కలిపి నెల ఖర్చు 33,000. ఎఫ్‌డీల్లో 26 లక్షలు, ఎకరంన్నర జీడితోట ఉన్నాయి. అప్పుల్లేవు. హైదరాబాద్‌లో ఒకాయన పదేళ్ళ కిందట తెప్పించి, సగం కట్టి వదిలేసిన రెండు సీట్ల విమానం కిట్‌ని రోటాక్స్ ఇంజన్‌తో సహా 14 లక్షలకి ఇస్తానంటున్నారు. ఇంకో 6 లక్షలైతే పూర్తి చేయగలను. 14 లక్షలు ఎఫ్‌డీ నుంచి తీసి, మిగతాది తోట మీద అప్పు తెద్దామని ఉంది. తర్వాత అమ్మినా లాభమే కదా? మా ఆవిడ మాత్రం ఆ డబ్బు పిల్ల పెళ్ళికి అంటోంది.

జవాబు: నాకొచ్చే ఉత్తరాల్లో ముప్పాతిక వంతు స్థలాలు, చీటీలు, బంగారం గురించే. మీది మాత్రం రెండుసార్లు చదివాను, రెండోసారి కేవలం సరదాకి. కాబట్టి వద్దని కొట్టిపారేయను. కానీ మీరు వేసుకున్న లెక్కకి మాత్రం ఒప్పుకోను.

ముందు లాభం సంగతి తేల్చేద్దాం. ఉండదు. ఇది పెట్టుబడి కాదు, ఖర్చు. ఇల్లు కట్టే మధ్యలో డబ్బు అయిపోయిందనుకోండి, పిల్లర్ల దాకా లేచినదాన్ని కూడా ఎవరో ఒకరు కొంటారు. ఎందుకంటే సగం కట్టిన ఇంటికి కింద స్థలమైనా ఉంటుంది. సగం కట్టిన విమానానికి అదీ లేదు. ఆ హైదరాబాద్ ఆయన సంగతే చూడండి. పదేళ్ళు ఉంచుకుని ఇప్పుడు కొనేవాళ్ళ కోసం వెతుకుతున్నారు. మీరు మధ్యలో ఆపితే మీ పరిస్థితీ అంతే.

ఇప్పుడు మీ 6 లక్షలు. ఇది రేకులకి, రివెట్లకి, వైరింగుకి వేసిన లెక్కలా ఉంది. మెకానిక్ కదా, చేతిపని ఖర్చు మీకు లేదు, అది నిజంగా పెద్ద ఆదా. ఇంజన్ మాటేమిటి? రోటాక్స్ 912 రకానికి ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) గడువు 2,000 గంటలు లేదా 15 ఏళ్ళు, ఏది ముందైతే అది. ఒక్క గంట తిరక్కపోయినా ఏళ్ళు లెక్కలోకి వస్తాయి. రబ్బరు గొట్టాలు అయిదేళ్ళకోసారి మార్చాలి, అంటే ఇప్పటికే రెండుసార్లు గడువు దాటింది. లోపల తుప్పు ఎంతుందో విప్పితేగానీ తెలియదు, ఇది మీకు నేను చెప్పాలా! కొత్త ఇంజనే కావాల్సి వస్తే, పన్నులతో కలిపి మొత్తం కిట్‌కి అడుగుతున్న 14 లక్షల్ని దాటిపోతుంది.

అందుకే బేరం ఇలా మొదలుపెట్టండి: "ఇంజన్ మీరే ఉంచుకోండి, మిగతాది ఎంతకిస్తారు?" సొంతంగా విమానాలు కట్టేవాళ్ళలో తెలివైనవాళ్ళు ఇంజన్ చివర్లోనే కొంటారు. ముందే కొంటే షెడ్డులో కూర్చుని దాని వయసు పెరుగుతుంది, దానితోపాటు మీ డబ్బూ కూర్చుంటుంది.

కొత్త కిట్ తెప్పించుకుంటే నయం కదా అనొచ్చు. అమెరికాలో ఈ రంగంలో పెద్ద పేరున్న వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ తోక, రెక్కలు, బాడీ అంటూ విడివిడిగా అమ్ముతుంది. డబ్బు చేతికొచ్చిన కొద్దీ కొనుక్కోవచ్చు, నాకు నచ్చే పద్ధతి. కానీ అదే కంపెనీ 2023 డిసెంబరులో దివాలా చట్టం కింద రక్షణ కోరింది. అప్పటికే ఆర్డరిచ్చినవాళ్ళు పెరిగిన ధరకి ఒప్పుకోవాల్సి వచ్చింది. పైగా సొంత వాడకం విమానం మీద మన దేశంలో 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. ముక్కలుగా వచ్చినా, కలిపితే విమానమే అయ్యేదాన్ని కస్టమ్స్‌వాళ్ళు విమానంగానే లెక్క కట్టే నియమం ఉంది. ఆ లెక్కన చూస్తే పాత కిట్‌కి ఉన్న అసలు విలువ అల్యూమినియంలో లేదు, పన్ను కట్టినట్టు చూపించే బిల్ ఆఫ్ ఎంట్రీలో ఉంది. అది ఆయన దగ్గర లేకపోతే నాలుగు లక్షలకి ఇచ్చినా వద్దు.

అనుమతుల సంగతి డబ్బు సంగతే. ముంబైలో ఇంటి డాబా మీద విమానం కట్టిన కెప్టెన్ అమోల్ యాదవ్ గురించి వినే ఉంటారు. 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో దాన్ని పెట్టారు. రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరడానికి పర్మిట్ 2019లో. ఆయన వృత్తిరీత్యా పైలట్, అయినా అన్నేళ్ళు పట్టింది. విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన సిక్కోలు ఎంపీయే కదా అని మీలాంటివాళ్ళు నాతో అంటుంటారు. మంత్రి ఏ ఊరివారైనా ఫైలుకి కావలసినవి కాగితాలే. మొదటి పాతికవేలు డీజీసీఏ (విమానాలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) నిబంధనలు తెలిసిన ఇంజనీరు దగ్గర సలహాకి ఖర్చుపెట్టండి. ఈ కిట్‌కి ఏ దారిలో పర్మిట్ వస్తుందో ఆయన రాసిచ్చాకే అడ్వాన్సు మాట.

ఇక మీ 26 లక్షలు. ఇంటి ఖర్చు తొమ్మిది నెలలకి సరిపడా 3 లక్షలు పక్కన పెట్టండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి ఏమయ్యాయో మీకు తెలుసు. తోట ఆదాయాన్ని నమ్ముకుని అప్పు చేయొద్దనడానికి నాకు వేరే కారణం అక్కర్లేదు. వ్యవసాయం పేరు చెప్పి తక్కువ వడ్డీకి బంగారం రుణం తెచ్చి ఇందులో పెట్టే ఆలోచన ఉంటే అదీ మానండి. పిల్లల చదువులకి 7 లక్షలు. మిగిలిన 16లో 12 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయండి. రక్షణ దళాల నుంచి రిటైరైనవాళ్ళకి షరతులకి లోబడి 50 ఏళ్ళకే అవకాశం ఉంది, పోస్టాఫీసులో అడగండి. 8.2 శాతం చొప్పున మూడు నెలలకి 24,600 వడ్డీ చేతికొస్తుంది. ఆ అసలు మీ ఆవిడ చెప్పినట్టు పిల్ల పెళ్ళిది, వడ్డీ మాత్రం మీ విమానానిది. మిగతా 4 లక్షలు విమానానికి మొదటి ఖర్చు.

నెలకి మీకు మిగిలేది 22,000. మీ ఆరోగ్యానికి మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ ఉంది కానీ టర్మ్ పాలసీ (మీరు పోతే ఇంటివాళ్ళకి డబ్బిచ్చే జీవిత బీమా) మాట ఉత్తరంలో లేదు. ఎగరడం మొదలుపెట్టకముందే తీసుకోండి, విమానం ఆలోచన మాత్రం ఫారంలో దాచకుండా రాయండి. దానికీ, బాబు పేర సిప్‌కీ కలిపి 10,000 పోతే 12,000 విమానానికి. వడ్డీతో కలిపి ఏడాదికి 2,42,400. అయిదేళ్ళలో, ఆ నాలుగు లక్షలతో కలిపి, 16 లక్షల పైచిలుకు. ఒక్క రూపాయి అప్పు లేకుండా. మామూలు ప్రమాద బీమా పాలసీల్లో ఎక్కువభాగం టికెట్ కొని ఎక్కిన విమానానికే వర్తిస్తాయి, సొంతంగా నడిపేదానికి కాదు. అది కూడా గుర్తుంచుకోండి.

ఒక్కటి అడగడం మరిచాను. మీరు మెకానిక్ కదా, మరి నడిపేదెవరు? ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి కనీసం 40 గంటలు ఎగరాలి, గంటకి పదివేలకి పైనే అడుగుతారు. మీ లెక్కలో ఈ నాలుగు లక్షల పైమాట ఎక్కడా కనిపించలేదు.

హైదరాబాద్ వెళ్ళేటప్పుడు మీ ఆవిడని కూడా తీసుకెళ్ళండి. బిల్ ఆఫ్ ఎంట్రీ, కట్టిన పని రాసుకున్న లాగ్ బుక్, ఫొటోలు చూడండి. ఇంజన్ లేకుండా ఆయన చెప్పిన ధర నాకు రాయండి. 4 లక్షలకి దిగకపోతే ఒక ఏడాది ఆగండి. పదేళ్ళు అమ్ముడుపోనిది, ఈ ఏడాదిలో ఎక్కడికీ పోదు.