ఆటలో అరటిపండు కాకూడదంటే

డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే వచ్చి, ఎదుగుదలను నెమ్మదింపజేసే స్థితి) ఉన్న మీ పదేళ్ల కొడుకును క్రికెట్ శిక్షణకు పంపవచ్చా అని అడిగారు. పంపవద్దు. ఆట కావలసిందే, క్రికెట్ మాత్రం వద్దంటాను.

మా తమ్ముడికి ముప్పైనాలుగేళ్లు, వాడిదీ డౌన్ సిండ్రోమే. కావలిలో మా వీధి పిల్లలు వాడిని ఏనాడూ తరిమేయలేదు. చేర్చుకొని, ఆటలో అరటిపండు చేశారు. వాడు కొట్టినా లెక్క లేదు, అవుటైనా లెక్క లేదు. ఆ సంగతి వాడికి తెలియదని అందరూ అనుకొనేవారు గాని, పన్నెండేళ్లు వచ్చేసరికి వాడే మైదానానికి రావడం మానేశాడు.

అమెరికాలోని అట్లాంటాలో ఉంటున్న మా మేనల్లుడు మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు అక్కడి బేస్‌బాల్ గురించి, అంటే బంతి కొట్టి నాలుగు మూలలూ చుట్టి వచ్చే ఆట గురించి, చెప్పాడు. ఆ దగ్గరి కాన్యర్స్ పట్టణంలో 1998లో వైకల్యం ఉన్నవారి కోసం మిరకిల్ లీగ్ అనే బేస్‌బాల్ లీగ్ మొదలైందట. అందులో ప్రతి ఒక్కరూ బంతి కొడతారు, ఎవరూ అవుట్ కారు, అందరూ చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే చేరతారు, ప్రతి ఆటగాడి పక్కన ఒక తోడు ఉంటాడు. పిల్లలే కాదు, పెద్దవారూ ఆడతారు. అయితే అందరూ అరటిపండ్లేనా అని నేను ఎగతాళి చేశాను. లెక్క అందరికీ ఒకటే అయినప్పుడు అరటిపండు ఎవరని వాడు అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

కనుమ మరునాడు కాలేజీ మైదానంలో ముగ్గుపిండితో గీతలు గీసి, నాలుగు మూలలా గోనెసంచులు పరిచాము. ఇసుక నింపిన రంగు డబ్బాలో ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టి, దాని మీద టెన్నిస్ బంతి పెట్టాము. మా తమ్ముడు నాలుగో దెబ్బకు బంతిని తాకించి, బ్యాటుతో సహా నేరుగా మా అమ్మ దగ్గరకు పరుగెత్తాడు. వాడికి తోడుగా ఉన్న పదో తరగతి కుర్రవాడు అరవకుండా, చేయి పట్టుకొని మొదటి సంచి దగ్గరకు తీసుకువెళ్లాడు. సంచి మీద ఉంటే ఎవరూ ఏమీ చేయలేరని చెప్పాము కదా, ఇక వాడు అక్కడే చతికిలబడ్డాడు. నడకకు వచ్చిన పెద్దమనుషులు ఆగి మరీ సలహాలిచ్చారు. ఆ కుర్రవాడు మాత్రం పక్కనే కూర్చున్నాడు. ఐదు నిమిషాలకు తరువాతి అమ్మాయి బంతి కొట్టి వస్తుంటే, ఆమెకు చోటివ్వాలని తనంతట తానే లేచి, మిగిలిన మూడు వైపులూ చుట్టి వచ్చేశాడు.

క్రికెట్‌లో ఇది జరగదు. అక్కడ అవతలివాడి కేక విని, వెళ్లాలో ఆగాలో క్షణంలో తేల్చుకొని, మళ్లీ వెనక్కు తిరగాలి. తప్పితే మిగిలిన పూటంతా కూర్చోవాలి. బేస్‌బాల్‌లో పరుగు ఒకే వైపు. ఇంతకంటే పెద్ద పరిశోధన అక్కరలేదని నా అభిప్రాయం.

మరొక బాధ. ఆ రోజు చక్రాల కుర్చీలో వచ్చిన ఒక పాప చక్రాలు ఇసుకలో దిగబడి, రెండో సంచి వరకు ఇద్దరం మోయవలసి వచ్చింది. కాన్యర్స్‌లో 2000లోనే చక్రాలు దిగబడని రబ్బరు మైదానం వేశారు. మన దగ్గర గేటుకు ఆర్చి కట్టడానికి డబ్బు దొరుకుతుంది. ఇక దివ్యాంగుల క్రీడోత్సవమంటే, అతిథి వచ్చేదాకా పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టి, శాలువాలు కప్పుకొని పోవడం.

ఏ ఆటకైనా ముందు వైద్యుడికి మీ అబ్బాయి మెడ చూపించండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో కొందరికి మెడ పైభాగపు ఎముకల కీలు వదులుగా ఉంటుంది. పల్టీలూ తలకు దెబ్బ తగిలే ఆటలూ వారికి ప్రమాదం.

మేనల్లుడు వెళ్లిపోయాక, ఆ రోజు ఆటకు చేరిన ఏడుగురిలో నలుగురమే మిగిలాము. మీరు కావలికి దగ్గరలో ఉంటే ఆదివారం ఉదయం ఆరున్నరకు రండి. వచ్చేటప్పుడు ఒక గోనెసంచి తీసుకురండి, మావి చిరిగిపోయాయి.