గొట్టం మీద నడక, నెత్తి మీద బొగ్గు రైలు

ప్రశ్న: మేం వర్జీనియాలో రిచ్‌మండ్ పక్కన గ్లెన్ ఆలెన్‌లో ఉంటాం. ఏప్రిల్లో మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు. నాన్నకు 68. రోజూ గోదావరి గట్టున నడిచొస్తే గానీ కాఫీ ముట్టరు. పోయినసారి ఇక్కడ ఇళ్ల చుట్టూ తిరిగి తిరిగి, "ఇదేం నడకే, గానుగెద్దులాగా" అని ఒకటే గొణుగుడు. డౌన్‌టౌన్‌లో జేమ్స్ నదిలో పైప్‌లైన్ మీద నడిచే దారి ఉందని ఆఫీసులో చెప్పారు. పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: తీసుకెళ్లొచ్చమ్మా. కాకపోతే దూరం చూసి కాదు, నిచ్చెన చూసి తేల్చుకోండి. నడక పట్టుమని అర మైలు లేదు. మీ నాన్నగారికి అది కాఫీకి ముందు నడకకు కూడా చాలదు. కానీ ఆ గొట్టం మీదికి దిగాలంటే ఇనప నిచ్చెన ఉంది, నిటారుగా. నదికి వీపు పెట్టి, మెట్లకు ముఖం పెట్టి దిగాలి. ముందు మీరు దిగి కింద నిలబడండి, తర్వాత ఆయన. అమ్మగారు చీర కుచ్చెళ్లతో దిగడం మాత్రం వద్దు. ఆ ఒక్క పూటకు పంజాబీ డ్రెస్సుకు ఒప్పించండి.

మా మామగారిని తీసుకెళ్లినప్పుడు నేనూ ఇలాగే భయపడ్డాను. ఆయన ఆర్టీసీలో కండక్టరు. ముప్ఫై ఏళ్లు ఫుట్‌బోర్డు మీదే బతికిన మనిషికి ఆ నిచ్చెన ఒక లెక్కా? చకచకా దిగిపోయారు. జారింది నేను, మోచెయ్యి గీరుకుపోయింది. "రైట్ రైట్" అన్నారు కింది నుంచి.

దిగాక చాలా దూరం గొట్టం మీద ఇనప జాలీ పరిచి, కమ్మీలు కట్టారు. జాలీ సందుల్లోంచి కింద గొట్టం, దాని పక్కనే రాళ్ల మీద విరిగే నీళ్లు కనిపిస్తాయి. పలచటి చెప్పులతో వెళ్తే జాలీ అరికాలికి గుచ్చుకుంటుంది, బూట్లు వేయించండి. నెత్తి మీద రైలు వంతెన దారి పొడుగునా గొడుగులా ఉంటుంది. దాని మీద పడమటి కొండల నుంచి న్యూపోర్ట్ న్యూస్ రేవుకు వెళ్లే బొగ్గు రైళ్లు తిరుగుతాయి. రైలు వస్తే కమ్మీ మీద చెయ్యి వేసి చూడమనండి, దడ చేతికి తెలుస్తుంది. కొంత దూరం పోయాక జాలీ, కమ్మీలు ఆగిపోయి ఒట్టి గొట్టం మిగులుతుంది. పిల్లకాయలు దాని మీద కూడా నడిచి ఫోటోలు దిగుతారు. మీరు అక్కడి నుంచి వెనక్కి తిరిగేయండి. చూడాల్సింది అప్పటికే చూసేసి ఉంటారు.

ఆ చూడాల్సిందేమిటంటే కొంగలు. మన నారాయణ పక్షికి అమెరికా అన్నయ్య అనుకోండి, గ్రేట్ బ్లూ హెరాన్. గొట్టానికి ఎదురుగా ఉన్న లంకలో సికమోర్ చెట్ల కొమ్మల్లో గూళ్లు కడతాయి. చెట్టుకు ఆకు రాకముందు వెళ్తే మరీ బాగా కనిపిస్తాయి. మార్చి మొదట్లో మేం వెళ్లిన రోజు ఒక మగ కొంగ ఎక్కడి నుంచో మూరెడు పుల్ల తెచ్చి ఆడదానికిచ్చింది. ఆవిడ ముక్కుతో దాన్ని అటు దోపి, ఇటు దోపి, నచ్చక పీకి, మళ్లీ దోపింది. మొగుడు అలాగే నిలబడి చూశాడు. మా మామగారు గంటసేపు కదల్లేదు. ఏప్రిల్ కాబట్టి మీకు పిల్లల అరుపులు కూడా వినిపించొచ్చు. బైనాక్యులర్స్ ఉంటే మర్చిపోకండి.

అన్ని కొంగలు అక్కడే ఎందుకంటే చేపల కోసం. సముద్రం పోటు ఈ ఊరి దాకానే వస్తుంది, పద్నాలుగో వీధి వంతెన దగ్గర బండలు మొదలవుతాయి. వసంతంలో హెర్రింగ్, షాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతాయి. షాడ్ అంటే మన పులసకు దూరపు చుట్టమే, ముళ్లతో సహా! "పుస్తెలమ్మైనా పులస తినాలి" అనే ఊరి మనిషికి ఇది చెప్పకపోతే పాపం. కాకపోతే వర్జీనియాలో 1994 నుంచి షాడ్ పట్టి ఇంటికి తెచ్చుకోవడం మీద నిషేధం ఉంది. కొంగలకు మాత్రం వర్తించదు.

బయల్దేరేముందు రెండు సంగతులు. వెస్ట్‌హామ్ దగ్గర నది మట్టం నెట్‌లో చూసుకోండి. 5 అడుగులు దాటితే నదిలో దిగేవాళ్లకు లైఫ్ జాకెట్ తప్పనిసరి. పెద్దవాళ్లతో గొట్టం మీదికి వెళ్లడానికి నేనూ అదే గీత పెట్టుకున్నాను. నీరు బాగా పెరిగితే గొట్టం మీదికే వచ్చేస్తుంది. రెండోది, జేమ్స్ రివర్ పార్క్ వాళ్ల నోటీసు చూడండి. దారి మూసి ఉంటే కంచె దూకొద్దు. బ్రౌన్స్ ఐలాండ్ నుంచి అవతలి ఒడ్డుకు పాటర్‌ఫీల్డ్ వంతెన ఉంది, 2016లో తెరిచారు. పాత ఆనకట్ట స్తంభాల మీద కట్టిన కాలినడక వంతెన, చదునుగా ఉంటుంది, నిచ్చెన బాధ లేదు. అమ్మగారు పంజాబీ డ్రెస్సుకు ఒప్పుకోకపోతే ఆవిడకూ అదే.

ప్రశ్న: నేనిక్కడ ఎమ్మెస్ చదువుతున్నాను. ఆ పైప్‌లైన్ పక్కనే ఇసుక తిన్నెలున్నాయి కదా, ఈత కొట్టొచ్చా? అన్నట్టు, అక్కడ వాసన వస్తుందంటారు, నిజమేనా?
– ఒక విద్యార్థి

జవాబు: నిజమే బాబూ. అది మంచినీళ్ల గొట్టం కాదు, మురుగు గొట్టం. రిచ్‌మండ్ పాత భాగంలో వాన నీరు, మురుగు నీరు ఒకే గొట్టాల్లో పోతాయి, పెద్ద వాన పడితే పొంగి నదిలో కలుస్తాయి. కాబట్టి వాన వెలిసిన రెండు మూడు రోజుల దాకా ఆ నీళ్లలో కాలు కూడా పెట్టకు. ఎండగా ఉన్న రోజైనా ఇక్కడ ఈత వద్దు. ఆ తిన్నెల పక్క నుంచే పోయే సుడులకు రాఫ్టింగ్ వాళ్లు హెల్మెట్లు పెట్టుకుని వస్తారు. తిన్నె మీద కూర్చుని పులిహోర తిను, డబ్బా తిరిగి ఇంటికి తెచ్చుకో.