బరంపురం వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి,

మామోగ్రామ్‌కి, అదే రొమ్మును పలకల మధ్య నొక్కి తీసే ఎక్స్‌రేకి, తేదీ తీసుకోబోతున్నానని, నీకు నొప్పి మాత్రలు పడవు కనుక నొప్పికి ఏం చేయాలని అడిగావు. అన్నిటికంటే ముందు ఆ తేదీ సంగతే చూసుకో. నెలసరికి ముందు వారం రొమ్ములు బరువెక్కి, తాకితేనే సలుపుతాయి. నెలసరి అయిపోయిన తర్వాతి వారం అడుగు. మీ ఆయనకు సెలవు ఎప్పుడో చూసి కాదు, నీ ఒంటిని చూసి. అయితే గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం కనిపించినా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే వెళ్లాలి.

పర్లాకిమిడి నుంచి బస్సులో బరంపురం చేరేసరికి చెమటతో తడిసిపోతావు, పౌడరు అద్దుకోవాలనిపిస్తుంది. వద్దు. చంకలో పౌడరు, సెంటు ఉంటే ఫిల్ములో జబ్బుకు గుర్తేమో అనిపించే సున్నపు చుక్కల్లా పడవచ్చు. మళ్లీ తీయాలంటారు, అంటే మళ్లీ నొక్కించుకోవాలి. తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు. పుస్తెలతాడు తీయమంటారు, ముందే మీ అత్తగారి చేతికి ఇచ్చేయి. అన్నట్టు, నొక్కితే క్యాన్సర్ పాకుతుందని ఆవిడ అంటున్నారట. పాకదు.

ఒక్కో రొమ్ముకు పైనుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి, మొత్తం 4 చిత్రాలు తీస్తారు. ప్రతిసారీ బిగించి ఉంచేది కొన్ని సెకన్లే. పలచగా పరుచుకుంటేనే లోపలిది స్పష్టంగా కనిపిస్తుంది, ఎక్స్‌రే మోతాదు కూడా తగ్గుతుంది. పళ్లు బిగబట్టి, భుజాలు ఎత్తి నిలబడ్డావో, ఛాతీ కండరం రాయిలా అయి నొప్పి పెరుగుతుంది. భుజం వదులుగా దించు, నెమ్మదిగా ఊపిరి వదులు. ఊపిరి ఆపమన్నప్పుడు మాత్రం ఆపు.

ఇక అసలు మాట. మన ఇళ్లలో ఓర్చుకున్న ఆడదాన్నే మెచ్చుకుంటారు, నాకు ఆ మెప్పు మీద ఎప్పుడూ గౌరవం లేదు. గదిలోకి వెళ్లగానే యంత్రం దగ్గరి అమ్మాయితో మాట్లాడు. ఏం చేయబోతుందో ముందే చెప్పమను, కొంచెం కొంచెంగా బిగించమను. ఏం జరుగుతుందో ముందే తెలిసినవాళ్లకు నొప్పి తక్కువగా అనిపిస్తుంది. భరించలేకపోతే ఒడియాలో "టికే రుహంతు", అంటే కాస్త ఆగండి, అను, ఆగుతుంది. కొన్నిచోట్ల బిగింపు మీట మన చేతికే ఇస్తారు, పలక మీద వేసే మెత్తటి పలచని దిండూ ఉంటుంది. ఉన్నాయేమో అడుగు, అడగడానికి సిగ్గెందుకు?

తర్వాత కాసేపు నొప్పిగా ఉంటే చల్లటి తడిగుడ్డ వేసుకో, బిగుతు రవిక వద్దు. పాత ఫిల్ములు బీరువాలోనే ఉండిపోతాయేమో చూసుకో, వాటితో పోల్చి చూస్తారు.

మీ పిన్ని