పదిహేడు రోజుల గోల, నా పచ్చ కాగితం

ప్రశ్న: ఆస్ట్రేలియాలో ఓటు వేయకపోతే జరిమానా అంటారు. అలాంటి దేశంలో నువ్వా నేనా అన్నట్టు ఫలితం వస్తే జనం ఎలా తీసుకుంటారు? అక్కడ ఓటేసిన తెలుగువాళ్ళు ఎవరైనా సొంత అనుభవం చెప్పగలరా?

జరిమానా మాట నిజమే. ఓటెయ్యకపోతే ఇంటికి ఉత్తరం వస్తుంది, సరైన కారణం చెప్పుకోలేకపోతే 20 డాలర్లు కట్టాలి. నేను దగ్గర్నుంచి చూసిన నువ్వా నేనా ఎన్నిక 2010లోది. ఇక్కడి పౌరసత్వం వచ్చాక నేను వేసిన మొట్టమొదటి ఓటు కూడా అదే. 'వేసిన' అనొచ్చో లేదో చివరిదాకా చదివి మీరే చెప్పండి.

అప్పుడు సిడ్నీకి పడమటి వైపున్న సెవెన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. (ఏడుకొండలు! అద్దెకి ఇల్లు వెతికేటప్పుడు ఊరి పేరు వినే మా ఆవిడ సరేనంది.) పోలింగ్ ఆగస్టు 21న. ఇక్కడ పోలింగ్ ఎప్పుడూ శనివారమే. ముందురోజు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కావడంతో ఇంట్లో ఏ గిన్నె మూత తీసినా నానబెట్టిన శనగలే. బూత్ మా వీధి చివర ప్రైమరీ స్కూల్లో. గేటు దగ్గర అన్ని పార్టీల వాళ్ళూ 'మాకిలా ఓటెయ్యండి' అని అంకెలు అచ్చేసిన కాగితాలు పంచుతున్నారు. లోపల పిల్లల తల్లిదండ్రులు స్కూలు కోసం డబ్బు పోగెయ్యడానికి సాసేజ్‌లు కాలుస్తున్నారు. మాకు శ్రావణమాసం, మాంసం లేదు. ఒట్టి బ్రెడ్డులో వేగిన ఉల్లిపాయలు పెట్టించుకుని, సాసేజ్‌కి ఇచ్చే డబ్బులే ఇచ్చి తిన్నాం.

పోలీసుల్లేరు, వేలికి సిరా లేదు, గుర్తింపు కార్డు కూడా అడగలేదు. బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ పేరూ చిరునామా అడిగి, ఈ ఎన్నికలో ఇదివరకే ఎక్కడైనా ఓటేశారా అంది. లేదన్నాను. స్కేలు పెట్టి నా పేరు మీద గీత గీసి రెండు కాగితాలు చేతిలో పెట్టింది. దిగువ సభకి చిన్న పచ్చ కాగితం. సెనేట్‌కి తువ్వాలంత తెల్ల కాగితం. ఏదో చెప్పింది కూడా, నేను సగమే విన్నాను. మా అబ్బాయి అప్పటికే కెచప్ చొక్కాకి పూసుకున్నాడు. అట్టలతో చేసిన మరుగు, దారం కట్టిన పెన్సిలు. రెండు నిమిషాల్లో పనైపోయింది.

ఆ ఎన్నిక నాటికి జనం ఎంత విసిగిపోయి ఉన్నారో చెప్పకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. 2007లో గెలిపించిన కెవిన్ రడ్‌ని, 2010 జూన్‌లో సొంత లేబర్ పార్టీవాళ్ళే రాత్రికి రాత్రి దింపి జూలియా గిలార్డ్‌ని కూర్చోబెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే ఎన్నికలు. అవతల లిబరల్, నేషనల్ కూటమికి టోనీ అబాట్. ఆయనకి శరణార్థులొచ్చే పడవలాపడం తప్ప ఇంకో మాట లేదు. జనాభా ఎక్కువైపోతోందని ఇద్దరూ పోటీలు పడి మాట్లాడారు. మా ఇంట్లో ఒక గదిలో ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు ఉండేవాళ్ళు, వంట కోర్సు చదువుతూ. ఆ ఫిబ్రవరిలో వలస నిబంధనలు మార్చి, కొరత వృత్తుల జాబితాని ఎత్తేసేసరికి వాళ్ళ పీఆర్ (శాశ్వత నివాసం) ఆశ గాల్లో దీపమైంది. మా ఇంట్లో ఎన్నికల వార్తలు శ్రద్ధగా చూసింది ఓటు లేని ఆ ఇద్దరే. ఒకప్పుడు లేబర్ పార్టీకే నాయకుడుగా ఉన్న మార్క్ లాథమ్ అయితే టీవీలో కూర్చుని, ఖాళీ కాగితం వేసి రండి అని చెప్పాడు.

ఫలితం సరిగ్గా జనం మనసులాగే వచ్చింది. సభలో 150 సీట్లు, కావలసింది 76. లేబర్‌కి 72, కూటమికి 72. పశ్చిమ ఆస్ట్రేలియాలో గెలిచిన ఒక నేషనల్ పార్టీ ఆయన్ని కూటమిలో కలపాలా వద్దా అని టీవీవాళ్ళు అదో గొడవ. ఇవి పోగా గ్రీన్స్‌కి ఒకటి, స్వతంత్రులు నలుగురు. 1940 తర్వాత ఇక్కడ హంగ్ రావడం అదే మొదటిసారట. లెక్కింపంతా చేత్తోనే, పైగా పోస్టల్ ఓట్ల కోసం పోలింగ్ తర్వాత ఇంకో 13 రోజులు ఆగాలి. మధ్యాహ్నానికల్లా గులాల్ చల్లుకునే దేశం నుంచి వచ్చిన మాకు ఇదేమిటో అంతుబట్టలేదు.

ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి మా నాన్న ఫోను.

"ఏరా, ఆ స్వతంత్రుల్ని ఏ ఊరు తీసుకెళ్ళారు?"

"ఎక్కడికీ తీసుకెళ్ళలేదు నాన్నా, వాళ్ళిళ్ళల్లోనే ఉన్నారు."

"మరి కాపలా ఎవరు?"

నాన్న 1984 ఆగస్టు మనిషి. ఎన్టీఆర్‌ని దించేసి నాదెండ్లని కూర్చోబెట్టినప్పుడు ఎమ్మెల్యేలని కర్ణాటకలో దాచిన రోజులు ఆయనకి నిన్నటిలాగే ఉంటాయి. ఇక్కడ ఆ స్వతంత్రులు కాఫీ తాగడానికి బయటికొస్తే మైకులు పట్టుకుని వెంటపడటం తప్ప ఇంకేం లేదని చెబితే ఆయన నమ్మలేదు. ప్రభుత్వం ఎవరిదో తేలడానికి పట్టిన పదిహేడు రోజులూ రోజూ ఫోను చేశాడు.

ఇంక ఆఫీసు. టామ్‌వర్త్ దగ్గర గొర్రెలు పెంచే ఇంటి నుంచి వచ్చిన ఒకాయన నా పక్క సీటు. వాళ్ళ ఎంపీ టోనీ విండ్సర్, ఆ స్వతంత్రుల్లో ఒకడు. ఇంటిల్లిపాదీ విండ్సర్‌కే ఓటేస్తారట, పల్లెల మాట మాట్లాడతాడని. కానీ లేబర్‌ని గద్దెక్కించమని వెయ్యలేదు కదా అని ఆయన బాధ. ఎదురుగా కూర్చునే ఆవిడది తాతల కాలం నుంచీ లేబర్ కుటుంబం. రడ్‌ని దింపారన్న కోపంతో మొదటి ప్రాధాన్యం గ్రీన్స్‌కిచ్చి, రెండోది లేబర్‌కే ఇచ్చిందట. పిల్లాణ్ణి కొట్టి మళ్ళీ అన్నం పెట్టినట్టు. దేశం మొత్తమ్మీద అలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు, గ్రీన్స్‌కి ఆసారి దాదాపు 12 శాతం ఓట్లొచ్చాయి.

టామ్‌వర్త్ ఆయన వాదన: మొదటి ప్రాధాన్య ఓట్లు కూటమికి 43 శాతం, లేబర్‌కి 38. ఇంకా చర్చేమిటి? ఆవిడ వాదన: ప్రాధాన్యాలన్నీ పంచి చివరికి ఇద్దర్నే మిగిల్చి చూస్తే లేబర్‌కే మొగ్గు. ఆ లెక్క పూర్తిగా తేలేసరికి 50.12 శాతం! అంత సన్నటి గీత మీద ఇద్దరూ కాళ్ళు పెట్టుకుని నిలబడ్డారు.

మనకి ఈ ప్రాధాన్య ఓటు బొత్తిగా కొత్త కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఉన్నదే. చివరివాణ్ణి తీసేస్తారు, వాడి కాగితాల మీద రెండో అంకె ఎవరికుంటే వాళ్ళకి కలుపుతారు, ఇలా పోతారు. దాని మహిమ హోబార్ట్‌లో చూశాం. అక్కడి డెనిసన్ సీట్లో స్వతంత్రుడు ఆండ్రూ విల్కీ మొదటి లెక్కలో మూడోవాడు. చివరికి గెలిచింది ఆయనే. పెళ్ళి టిఫిన్లలో ఇడ్లీవాళ్ళూ దోసెవాళ్ళూ పంతాలకి పోతే ఉప్మా నెగ్గినట్టు అని నేనంటే మా కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆ ఉప్మా మామూలుది కాదు. హోబార్ట్ ఆసుపత్రికి అబాట్ 100 కోట్ల డాలర్లు ఇస్తానన్నాడు. అంత డబ్బు అలా గుమ్మరిస్తాననడం బాధ్యతలేని పని అని విల్కీ దాన్ని కాదని, 34 కోట్లు ఇస్తానన్న గిలార్డ్ వైపు వెళ్ళాడు. ఇది నాన్నకి చెబితే ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు.

అసలు సంగతి చెప్పాలి. ఆ పదిహేడు రోజుల్లో అందరికంటే ఎక్కువ అరిచింది నేను. కోటీ ముప్ఫై లక్షలమంది ఓటేస్తే, ఎక్కడో పల్లెల నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు దేశాన్ని ఎవరికప్పగించాలో తేలుస్తారా? మరి నేను లైన్లో నిలబడి వేసిన ఓటెందుకు? ఆఫీసు వంటగదిలో, రైల్లో, పెండిల్ హిల్‌లో సరుకులు కొనేచోట, ఎక్కడ తెలుగువాడు దొరికితే అక్కడ ఇదే పాట. ఎవరికేశానో చెప్పను గానీ నా ఓటు దొంగిలించారన్నంత ఉక్రోషం. ఇప్పుడాలోచిస్తే అందరి కోపమూ ఇలాంటిదే అనిపిస్తుంది. పెద్ద పార్టీలు రెండూ జనానికి నచ్చలేదు. ఆ అసహనం ఎవరి మీద చూపించాలో తెలీక, నిర్ణయం చెప్పాల్సిన ఖర్మ పట్టిన ఆ మనుషుల మీద చూపించారు.

సెప్టెంబరు 7న తేలింది. ముందు ఉత్తర క్వీన్స్‌లాండ్ నుంచి పెద్ద టోపీ స్వతంత్రుడు బాబ్ కాటర్ అబాట్ వైపన్నాడు. మధ్యాహ్నం విండ్సరూ, రాబ్ ఓక్‌షాట్ అనే ఇంకో స్వతంత్రుడూ కలిసి మైకుల ముందుకొచ్చారు. ఆఫీసు వంటగదిలో చిన్న టీవీ ముందు ఇరవైమందిమి. విండ్సర్ లేబర్ అన్నాడు. పల్లెలకి ఫైబర్ ఇంటర్నెట్ వేసే ఎన్‌బీఎన్ పథకం ఒక ముఖ్య కారణమన్నాడు. అప్పటికి గ్రీన్స్ ఆయన్నీ కలుపుకుని లేబర్‌కి 75, పశ్చిమ ఆస్ట్రేలియా ఆయన్నీ కలుపుకుని కూటమికి 74. ఇంక మిగిలింది ఓక్‌షాట్ ఒక్కడే. ఆయన మొదలుపెట్టాడు. మాట్లాడుతున్నాడు, మాట్లాడుతున్నాడు, ఎటువైపో చెప్పడు. మైక్రోవేవ్‌లో పెట్టిన నా పప్పన్నం వేడెక్కి, మళ్ళీ చల్లారిపోయింది. పదిహేడు రోజులకి పదిహేడు నిమిషాలు మాట్లాడాక లేబర్ అన్నాడు. టామ్‌వర్త్ ఆయన కప్పు సింకులో పెట్టి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. విండ్సర్‌ది, ఓక్‌షాట్‌ది ఇద్దరివీ పాతకాలం నుంచి నేషనల్ పార్టీ గాలి వీచే సీట్లు. అక్కడివాళ్ళకి మంట ఎందుకో ఆయన మొహం చూస్తే తెలిసింది. 76, 74తో గిలార్డ్ ప్రభుత్వం. రెండేళ్ళు కూడా ఉండదని పందేలు కాశారు గానీ మూడేళ్ళూ సభ నడిచింది. గిలార్డ్‌ని మాత్రం మళ్ళీ సొంత పార్టీయే దింపింది, ఈసారి రడ్ కోసం.

ఇంతవరకూ అందరికీ తెలిసిన కథ. ఆ శనివారం, సెప్టెంబరు 11, వినాయక చవితి. మా స్నేహితుడింట్లో పూజ అయ్యాక ఉండ్రాళ్ళు తింటూ నేను మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాను. ఆ ఇంటావిడ పోలింగ్ రోజున బూత్‌లో పనిచేసింది, రాత్రి లెక్కింపులో కూడా కూర్చుంది. చెల్లని ఓట్ల గురించి చెబుతోంది. దేశం మొత్తమ్మీద ఏడు లక్షలకు పైగా, నూటికి అయిదున్నర. మా పశ్చిమ సిడ్నీలో మరీ ఘోరం, బ్లాక్స్‌లాండ్ సీట్లో నూటికి 14.

"చాలామంది పచ్చ కాగితం మీద ఒకటి ఒక్కటే వేశారన్నయ్యగారూ. అవన్నీ విడిగా కట్టకట్టాం."

నా చేతిలో ఉండ్రాయి అలాగే ఉండిపోయింది. "ఒకటి వేస్తే చాలు కదమ్మా?"

చాలదట. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ఎన్నికల్లో ఒకటి చాలు. ఆసారి సెనేట్ తెల్ల కాగితంలో పార్టీల గళ్ళుండే గీత పైన కూడా ఒకటి చాలు. దేశపు దిగువ సభకిచ్చే పచ్చ కాగితంలో మాత్రం ఎంతమంది పేర్లుంటే అన్ని గళ్ళల్లోనూ వరసగా అంకెలు వెయ్యాలి. ఆ మాట కాగితం మీదే అచ్చేసి ఉంటుంది, పేరుకి గీత గీసిన పెద్దావిడ చెప్పిందీ అదే. నాకు ఒకటి చాలని చెప్పింది పక్కింటాయన, రాష్ట్ర ఎన్నికల అలవాటుకొద్దీ. ఎమ్మెల్సీ ఎన్నికల లెక్కన మనవాళ్ళకీ అదే నిజమనిపిస్తుంది, అక్కడ ఒకటి వేసి ఊరుకున్నా చెల్లుతుంది కదా. మా గ్రీన్‌వే సీట్లో గెలిచినావిడకి చివరి లెక్కలో 51 శాతం కూడా రాలేదు. అలాంటి చోట నా పచ్చ కాగితం ఏదో అట్టపెట్టెలో రబ్బరు బ్యాండు కింద ఉంది.

ఆ రోజు అక్కడ నోరు విప్పలేదు. కారెక్కాక మా ఆవిడకి చెప్పాను. ఆవిడ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "లైన్లో నాక్కూడా అదే చెప్పారు కదండీ, ఒకటి చాలని" అంది.

"మరి నువ్వు?"

"గేటు దగ్గరిచ్చిన కాగితం చూసి అన్నీ వేశాను. మీరు చెప్పారని వదిలేస్తానా?"

మర్నాడు నాన్నకి ఫోన్లో అంతా చెప్పాను, ఇదొక్కటి తప్ప. ఆ తర్వాత ఎన్ని ఎన్నికలొచ్చినా, నేను పెన్సిలు వదిలి మరుగులోంచి ఇవతలకి రాగానే మా ఆవిడ ముందడిగేది ఎవరికేశారని కాదు, అన్నీ వేశారా అని. సాసేజ్ లైన్లో నిలబడ్డవాళ్ళంతా వినేలా అడుగుతుంది.