పాత గేముల స్టేజీలు బాగుండేవా, ఇప్పటివా?

గేముల్లో స్టేజీలు కట్టే పద్ధతి ఇన్నేళ్లలో ఎలా మారింది, ఏది మేలు అని అడిగారు. బొమ్మల అందం ఇప్పటిదే. స్టేజీ కట్టే పనితనంలో మాత్రం పాతవాళ్లదే పైచేయి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లిష్ అంతంతమాత్రం. వేసవి సెలవుల్లో మా వీధి టీవీ గేమ్ కొట్టు వదిలేవాళ్లం కాదు. గంటకింత అని ముందే కట్టాలి. మధ్యలో కరెంటు పోతే ఆట పోయేది, డబ్బులూ పోయేవి. అది అన్యాయమని ఇప్పటికీ అంటాను.

ఒకరోజు గుణుపురం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక గుంటడు రిమోట్ పట్టుకున్నాడు. వాడికి ఒడియా తప్ప ఏదీ రాదు. ఎవరూ ఏమీ చెప్పొద్దన్నాడు కొట్టాయన. సూపర్ మారియో అనే గేమ్, మొదటి స్టేజీ. ఎదురొచ్చిన శత్రువు తగిలి వెంటనే చచ్చాడు. రెండోసారి ఎగిరితే తల పైనున్న డబ్బాకి తగిలి నాణెం వచ్చింది. పక్క డబ్బా కొడితే పుట్టగొడుగు వచ్చింది. అది ముందుకెళ్లి, గొట్టానికి తగిలి, వెనక్కి వాడి మీదకే వచ్చింది. భయపడి దూకాడు. పైన ఇటుకలు అడ్డం! కిందపడి దాన్నే తాకాడు, మారియో పెద్దవాడయ్యాడు. "బొడొ హెయిగొలా!" (పెద్దవాడైపోయాడు!) అని వాడు అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది.

అది అదృష్టం కాదు. 1985లో ఆ గేమ్ చేసిన నింటెండో కంపెనీలోని షిగెరు మియామోటో బృందం, ఎవరూ చెప్పకుండానే ఆట నేర్పాలని కావాలనే అలా అమర్చింది, ఆ సంగతి ఆయనే తర్వాత వివరించారు. అదే స్టేజీలో ముందు రెండు మెట్ల వరసల మధ్య నేల ఉంటుంది, పడినా ఏమీ కాదు. కాస్త ముందుకెళ్తే అవే మెట్లు, మధ్యలో గొయ్యి. 1993 నాటి డూమ్ అనే తుపాకుల గేమ్‌లో కూడా తాళం ఉన్న రంగు తలుపు మొదట కనబడేది, దాని తాళంచెవి కోసం తర్వాత వెతికేవాళ్లం. దారి బుర్రలో అచ్చయిపోయేది.

తర్వాత వచ్చిన గేముల్లో ఊళ్లకు ఊళ్లే కట్టేశారు. మూలన చిన్న మ్యాపు, దాని మీద గుర్తు. ఆ గుర్తు చూస్తూ నడుస్తాం తప్ప, అంత కష్టపడి కట్టిన ఊరిని చూడం. 2017లో బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ అనే గేమ్ వచ్చాక ప్రాణం లేచొచ్చింది. గుహ దాటి బయటికి రాగానే లోకమంతా కళ్ల ముందుంటుంది. కొండల్ని త్రికోణాల్లా నిలబెట్టి వెనక ఏదో సగం దాచారు. ఎక్కుతావో, చుట్టూ తిరిగి వెళ్తావో నీ ఇష్టం. అదీ నింటెండో వాళ్లదే.

ఫోన్ గేముల్లో మాత్రం ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు అంటూ బాణాలు, పేజీలకొద్దీ ఇంగ్లిష్ రాతలు, మధ్యలో యాడ్లు. సెట్టింగుల్లో భాషల వరస చూస్తే, నేను ఆడిన వాటిలో తెలుగూ లేదు, ఒడియా లేదు. రాతలతోనే ఆట నేర్పిస్తామంటే కనీసం ఆ రాతలైనా మా పిల్లల భాషలో పెట్టాలి కదా.