‘సమకాలీన కదలికలు’ అనవచ్చునా?

సందేహం: మనుషులు ఒకరితో ఒకరు లయ తప్పకుండా నడిచినా, చప్పట్లు కొట్టినా, మాట్లాడుకున్నా వారి మధ్య చెలిమి పెరుగుతుందని చెప్పే మనోవిజ్ఞాన వ్యాసం ఒకదాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ‘సింక్రనీ’ అనే మాటకు ‘సమకాలీనత’ అని వేసుకొని, ‘సమకాలీన కదలికలు మానవ సామాజిక అనుసంధానాన్ని బలోపేతం చేస్తాయి’ అని రాశాను. ‘సమకాలికత’ అనాలని ఒక మిత్రుడు, ‘ఏకకాలికత’ అనాలని మరొకరు అంటున్నారు. ఏది సరైనది? ‘సింక్’ అనే ఉంచేస్తే తప్పా?

సమాధానం: ముందుగా రూపం సంగతి. కాలవాచకాల మీద ‘కాలాట్ఠఞ్’ (4-3-11) అనే పాణిని సూత్రం విధించే ప్రత్యయం వల్ల ‘కాలిక’ అనే రూపం సిద్ధిస్తుంది గాని ‘కాలీన’ సిద్ధించదు. ‘సమానకాలీనం’, ‘ప్రాక్కాలీనం’ వంటివి అపభ్రంశాలేనన్నది ప్రామాణికుల మాట అని భట్టోజి దీక్షితులు పాణిని సూత్రాలను వివరించే సిద్ధాంతకౌముదిలో రాశారు. ఆ లెక్కన మీ మొదటి మిత్రుడిదే పైచేయి. కాని ‘సమకాలీన’ తెలుగులో వేళ్లూనుకొని చాలా కాలమైంది. దాన్ని ఇప్పుడు పెకలించబోవడం వృథా ప్రయాస అని నా అభిప్రాయం.

మీ వాక్యానికి వచ్చిన చిక్కు వ్యాకరణ సాధుత్వంతో కాదు, అర్థంతో. ‘సమకాలీన’ అన్నా ‘సమకాలిక’ అన్నా తెలుగు పాఠకుడికి తోచేది ఒకే యుగానికి చెందినదనో, నేటి కాలానిదనో. నన్నయ, రాజరాజనరేంద్రుడు సమకాలీనులు. వారిద్దరూ అడుగు కలిపి నడిచారని ఆ మాట చెప్పదు. ‘సమకాలీన కదలికలు’ అని చదివినవారు ఈనాటి ఉద్యమాల గురించి ఏదో చెప్పబోతున్నారని అనుకుంటే తప్పు వారిది కాదు.

‘ఏకకాలికత’ కొంత దగ్గరగా వస్తుంది, కాని అదీ చాలదు. ఎక్కడెక్కడో ఉన్న ఇద్దరు ఒకే నిమిషంలో తుమ్మితే అది ఏకకాలికమే. ఒకరి సంగతి మరొకరికి తెలియనే తెలియదు. పైగా మీ వ్యాసవిషయానికి సంబంధించిన ప్రయోగాల్లో ఈ మాటకు లొంగనివి ఉన్నాయి. లారా సిరెల్లి బృందం 2014లో ప్రకటించిన అధ్యయనంలో 14 నెలల పిల్లలను ఒకరు ఎత్తుకొని సంగీతానికి తగినట్టు ఊపుతుండగా, ఎదురుగా మరొకరు కొందరు పిల్లలతో లయ కలిపి, కొందరితో లయ తప్పి తానూ ఊగారు. తరువాత ఆ ఎదుటి మనిషి చేతిలోని వస్తువులు జారవిడిచినప్పుడు, తమతో లయ కలిసినవారికైతే పిల్లలు వాటిని ఎక్కువగా అందించారు. విశేషమేమిటంటే, పిల్లవాడు పైకి లేచినప్పుడు ఎదుటి మనిషి కిందికి వంగినా, వేగం ఒక్కటే అయినంతవరకు ఫలితం అలాగే వచ్చింది. అక్కడ ఏకకాలంలో ఒకే కదలిక లేదు. ఉన్నది ఒకే లయ. సంభాషణ సంగతీ అంతే. ఇద్దరూ ఏకకాలంలో మాట్లాడితే అది సంభాషణ అనిపించుకోదు. 10 భాషలను పోల్చి 2009లో వెలువరించిన ఒక పరిశోధనలో, ప్రశ్న ముగియడానికీ జవాబు మొదలుకావడానికీ నడుమ ఎడం సగటున సుమారు 200 మిల్లీసెకన్లని తేలింది. ఎదుటివారి మాట ఎక్కడ ముగియబోతున్నదో ముందే పసిగట్టి, దాని నడకలోకి మనం ప్రవేశిస్తేనే అంత తక్కువ వ్యవధిలో బదులివ్వగలం.

కనుక మీకు కావలసిన మాట ‘లయ’. అమరకోశం ‘తాళః కాలక్రియామానం లయః సామ్యమ్’ అంటుంది. తాళం కాలాన్ని, క్రియను కొలిచేది. లయ వాటి సామ్యం. ఇప్పుడు మనం లయను ఒక్క గొంతుకో ఒక్క వాద్యానికో ఉండే గుణంగా తలుస్తున్నాం గాని, ఆ నిర్వచనంలో సామ్యం అంటే ఒకదానితో మరొకటి సరిపోలడం. ‘లీ’ ధాతువుకు అంటుకొనడం, కరిగి కలిసిపోవడం అనే అర్థాలున్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోదగినది. పారిభాషికపదం తప్పనిసరి అయిన చోట ‘లయసామ్యం’ అనండి. లయే సామ్యమైనప్పుడు ఇది పునరుక్తి కాదా అని పట్టుదల గల పండితులు అడగవచ్చు. నేటి వాడుకలో లయకు అర్థం కుదించుకుపోయింది కనుక ఆ మాత్రం పునరుక్తిని నేను దోషంగా లెక్కపెట్టను.

పారిభాషికపదం అక్కరలేని చోట తెలుగు క్రియ మీకు చక్కగా అక్కరకు వస్తుంది, కాని ‘కలిసి’, ‘కలిపి’ అనే రెండింటినీ తారుమారు చేయకండి. మీ ప్రశ్నలో కాకపోయినా, అనువాదంలో ‘కలిసి నడిచారు’ అని రాయబోయే ప్రమాదం ఉంది. స్కాట్ విల్టర్‌ముత్, చిప్ హీత్ అనే పరిశోధకులు 2009లో ప్రకటించిన ప్రయోగాల్లో ఒకదానిలో ముగ్గురేసి మనుషులను నడిపించారు. కొన్ని జట్లు మామూలుగా నడిచాయి, కొన్ని అడుగులో అడుగు వేస్తూ నడిచాయి. తరువాత పరస్పర నమ్మకం మీద ఆధారపడిన ఆటలో అడుగు కలిపినవారే ఎక్కువగా సహకరించుకున్నారు. రెండు రకాల జట్లూ ‘కలిసి’ నడిచినవే! మీరు ‘కలిసి నడిచారు’ అని రాస్తే ఆ ప్రయోగం మొత్తం ఆ ఒక్క మాటలో మాయమైపోతుంది. ‘అడుగు కలిపి నడిచారు’ అనాలి. ‘కలియు’ అకర్మకం, దానంతట అది జరిగేది. ‘కలుపు’ సకర్మకం, ఒకరు పూనుకొని చేసేది. గొంతు కలపడం, చేయి కలపడం, మాట కలపడం అన్నవన్నీ ఈ సకర్మకక్రియతోనే ఏర్పడ్డాయి. అన్నిటిలోనూ శరీరం చేసే పనితో మొదలై చెలిమి, సహకారం అనే అర్థాల దాకా వచ్చాం.

కలపడానికి అవతల ఒక మనిషి ఉండాలన్నది కూడా ఆ క్రియలో ఇమిడి ఉంది. 2009లోనే వెలువడిన మరో అధ్యయనంలో, వేలితో తాళం వేస్తున్నవారికి, పక్కనున్న మనిషి తాళం తమ తాళంతో ఎంత బాగా కలిస్తే ఆ మనిషి అంత ఎక్కువగా నచ్చారు. తాళం కలిసింది సమాన వ్యవధిలో తాళం చూపే మెట్రోనోమ్ యంత్రంతో అయినప్పుడు, మనిషి పక్కనే ఉన్నా, ఆ ఇష్టం పెరగలేదు.

‘తాన అంటే తందాన’, ‘వంత పాడడం’ అనే పలుకుబళ్లను మాత్రం ఇక్కడికి తేవద్దు. వాటిలోనూ లయ కలవడమే ఉన్నా, వాడుకలో అవి ఎత్తిపొడుపులు.

‘అనుసంధానం’ యంత్రాలకు, దారులకు, లెక్కలకు నప్పుతుంది; మనుషులకు ‘అనుబంధం’ ఉండగా దాన్ని వదులుకోవడం ఎందుకు? ‘బలోపేతం చేయు’ తప్పు కాదు గాని, ‘బలపరచు’ తేలిక. నేనైతే మీ వాక్యాన్ని ‘ఒకరితో ఒకరు లయ కలిపి కదిలినప్పుడు మనుషుల మధ్య అనుబంధం బలపడుతుంది’ అని రాస్తాను.

ఇక ‘సింక్’. ఫోన్‌లోని చిరునామాలను సరిపోల్చుకోవడానికి, తెరమీది పెదవుల కదలికకూ మాటలకూ కుదిరే పొంతనకు ఆ మాట ఎప్పుడో స్థిరపడింది. అక్కడ దాన్ని మార్చనక్కరలేదు. మీ వ్యాసంలోని మనుషులకు మాత్రం ‘లయ కలిసింది’ అనే రాయండి.