సత్యోపదేశం తరగతిలో నవల చెప్పవచ్చునా?

సత్యోపదేశం (కథోలిక విశ్వాస బోధ) తరగతిలో నవలలు చదివిస్తే శ్రీసభ (కథోలిక సంఘం) బోధ పలచబడదా అని మీరు అడిగారు. కోస్తాలోని ఒక కథోలిక పాఠశాలలో తొమ్మిదో తరగతికి ఈ పాఠం చెబుతూ అలా పలచబడటం నేనూ చూశాను. అయితే అది కథ ముగియకముందే నేను తొందరపడి చెప్పిన నీతి వల్ల జరిగింది.

మొదటి ఏడాది విక్టర్ హ్యూగో 1862 నాటి 'లే మిజరబుల్' నుంచి (1950లో 'బీదలపాట్లు' సినిమాగా వచ్చిన కథే) పీఠాధిపతి (బిషప్పు) మిరియెల్ ఘట్టం చెప్పి, వెంటనే 'క్షమ గొప్ప గుణం' అని నల్లబల్ల మీద రాశాను. పరీక్షలో అందరూ ఆ మూడు మాటలే రాశారు.

మరుసటి ఏడాది ఘట్టం చదివి ఊరుకున్నాను. వెండి సామాను దొంగిలించిన జీన్ వాల్జీన్‌ను పోలీసులు పట్టుకురాగా, అది నేనిచ్చినదేనని చెప్పి పీఠాధిపతి వెండి దీపస్తంభాలు కూడా అతని చేతికిస్తారు. "మరి బిషప్పుగారు అబద్ధమాడారు కదండీ, ఎనిమిదో ఆజ్ఞ ఏమైంది?" అని ఒక పిల్లవాడు లేచాడు. క్రైస్తవ పిల్లలందరినీ కలిపి కూర్చోబెట్టే తరగతి కావడంతో, అది తొమ్మిదో ఆజ్ఞ అని ఒక ప్రొటెస్టెంటు కుటుంబపు అమ్మాయి సరిదిద్దబోయింది. పది ఆజ్ఞలను లెక్కపెట్టే తీరులోని తేడా (అబద్ధసాక్ష్యం చెప్పవద్దన్నది కథోలికులకు ఎనిమిదోది, చాలామంది ప్రొటెస్టెంట్లకు తొమ్మిదోది) వివరించడానికే పావుగంట పోయింది.

అప్పుడు పుటలు కొంచెం వెనక్కి తిప్పించాను. పోలీసులు రాకముందే, వెండి పోయిందని గగ్గోలు పెట్టిన పనిమనిషితో, అది పేదల సొత్తేననీ, ఇంతకాలం తానే అన్యాయంగా ఉంచుకున్నాననీ ఆయన అంటారు. తమకున్నది పేదలతో పంచుకోకపోవడం వారిని దోచుకోవడమేనన్న పునీత యోహాను క్రిసోస్తోము మాటను కథోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2446వ పేరాలో ఉదహరించింది. ఆ పేరా నేను చదివేసరికి 'దొంగిలించవద్దు' అన్న ఏడో ఆజ్ఞ ఎంత లోతైనదో పిల్లలకు అప్పటికే సగం అర్థమైంది. అబద్ధం సంగతి మాత్రం తేలలేదు. అబద్ధం స్వభావరీత్యానే ఖండించదగినదని 2485వ పేరా చెబుతుంది కనుక వాదన గంట కొట్టేవరకూ సాగింది, నేనూ తీర్పు చెప్పలేదు.

పెద్ద తరగతులకైతే గ్రాహం గ్రీన్ 1940లో రాసిన 'ది పవర్ అండ్ ది గ్లోరీ' మంచిది. అందులోలా తాగుడుకు లోబడిన గురువు (ఫాదర్) ఇచ్చే దివ్యసంస్కారం చెల్లుతుందా అన్న ప్రశ్నకు, సంస్కారం ఫలం ఇచ్చేవారి పవిత్రత మీద ఆధారపడదని చెప్పే సత్యోపదేశ గ్రంథం 1128వ పేరా దగ్గర ఆగక తప్పదు.

పుస్తకం ఎంపికలో మొండిపట్టు వద్దు. 1964-65లో అర్జెంటీనాలోని సాంతా ఫే జెస్విట్ పాఠశాలలో సాహిత్యం బోధించినప్పుడు, పాఠ్యకావ్యాన్ని ఇంట్లో చదవమని, పిల్లలు ఇష్టపడిన రచయితలను తరగతిలో చర్చించానని ఫ్రాన్సిస్ పోపుగారే 2024 నాటి లేఖలో రాశారు. పేరా సంఖ్యలు మీ దగ్గర ముందే రాసిపెట్టుకోండి. పిల్లలకు మాత్రం ప్రశ్న పుట్టాకే ఇవ్వండి.